పల్లీల ప్యాకెట్ మీద వ్యాకరణం

ప్రశ్న: మా వారి ఉద్యోగం మూలంగా అయిదు నెలల క్రితం స్టుట్‌గార్ట్ వచ్చాం. జర్మన్ ఏ1 పూర్తి చేసి ఏ2లో చేరాను. పలకరింపులు, అంకెలు, బస్ టికెట్ దాకా పర్వాలేదు. సూపర్ మార్కెట్‌లో అడుగుపెడితే మాత్రం బుర్ర పనిచేయదు. చట్నీకని తెచ్చిన పల్లీలు ఉప్పువి. ఎర్రగా ఉంది కదా అని కారం అనుకుని తెచ్చిన పొడి వేస్తే పప్పంతా పొగ వాసన. ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం చూస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. ఒకే మాట ఒక ప్యాకెట్ మీద ‘గెమాలెన్’, ఇంకోదాని మీద ‘గెమాలెనె’, మరోదాని మీద ‘గెమాలెనెర్’ అని ఉంటుంది. క్లాసులో టీచర్ ‘పాస్ట్ పార్టిసిపుల్’ అని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయారు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషు వ్యాకరణం అంటేనే నాకు టెన్షన్. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు, ఆవిడకి బీపీ. ఈ మాటలు నేర్చుకునే దారేదైనా ఉందా? చివరిగా చిన్న సందేహం. మా ఇంట్లో కరెంటు పొయ్యే. ఆ పొగ కారం పారేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, స్టుట్‌గార్ట్

జవాబు:

అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. తెలుగు మీడియంలో చదవడం ఈ ఒక్క విషయంలో మీకు కలిసొచ్చే సంగతే. ప్యాకెట్ల మీద మిమ్మల్ని ఏడిపిస్తున్న మాటలన్నీ మీరు రోజూ వంటింట్లో అనేవే. వేయించిన పల్లీలు, ఎండబెట్టిన మిరపకాయలు, పొట్టు తీసిన మినప్పప్పు, తురిమిన కొబ్బరి అంటాం కదా. ఈ ‘వేయించిన’, ‘ఎండబెట్టిన’, ‘తీసిన’లనే బడిలో ధాతుజ విశేషణాలని బట్టీ పట్టించారు. జర్మన్‌వాళ్ళు వాటిని గెరోస్టెట్, గెట్రోక్నెట్, గెషేల్ట్ అంటారు. మనకు క్రియ చివర ‘ఇన’ చేరుతుంది. వాళ్ళకు ముందు ‘గె’ చేరి, చివర ‘ట్’ గానీ ‘ఎన్’ గానీ వస్తుంది. మీరు జర్మన్ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి రెండు బస్సులు మారుతున్నారు. డైరెక్ట్ బస్సు ఉండగా ఎందుకు?

ఆ పల్లీల ప్యాకెట్ ఇంకా ఇంట్లో ఉంటే తీసి చూడండి. ‘ఏర్డ్‌న్యూసె, గెరోస్టెట్ ఉంట్ గెజాల్ట్సెన్’ అని ఉంటుంది. రోస్టెన్ అంటే వేయించడం, గెరోస్టెట్ వేయించిన. జాల్ట్సెన్ అంటే ఉప్పు వేయడం, గెజాల్ట్సెన్ ఉప్పు వేసిన. దాని ముందు ‘ఉన్’ చేరితే ఉన్‌గెజాల్ట్సెన్, ఉప్పు వేయని. మనం ‘వేసిన’ని ‘వేయని’ చేసినట్టే. మీకు కావలసింది గెరోస్టెట్ ఉండి, గెజాల్ట్సెన్ లేని ప్యాకెట్. అత్తగారి కోసమైతే వెన్న దగ్గర కూడా గెజాల్ట్సెన్ అని ఉందేమో చూసుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ప్యాకెట్ మీద గెజాల్ట్సెన్ అని లేనంత మాత్రాన లోపల ఉప్పు లేదని కాదు. రొట్టె మీద ‘ఉప్పు వేసిన రొట్టె’ అని ఎవరూ రాయరు, ఉప్పు మాత్రం ఉంటుంది. వెనక పోషకాల పట్టికలో ‘జాల్ట్స్’ అన్న వరస చూడండి, 100 గ్రాములకు ఎన్ని గ్రాములో అక్కడ ఉంటుంది. యూరప్‌లో ప్యాక్ చేసి అమ్మే చాలామటుకు తిండికి ఈ పట్టిక 2016 డిసెంబర్ 13 నుంచి తప్పనిసరి. బీపీ ఉన్నవాళ్ళకి విశేషణాల కన్నా ఆ అంకె నమ్మకం.

అన్నట్టు, హోటల్ బిల్లు చూసి ఎవరైనా గెజాల్ట్సెన్ అంటే వంటలో ఉప్పెక్కువైందని కాదు, రేట్లు మండిపోతున్నాయని.

ఇక్కడ మన తెలుగే మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. మనకు ‘వేయించడం’ అన్న మాట రెండు పనులకూ సరిపోతుంది. ఉత్తి మూకుట్లో నువ్వులు వేయిస్తాం, నూనెలో అప్పడాలూ వేయిస్తాం. జర్మన్‌లో గెరోస్టెట్ అంటే పొడిగా సెగ తగిలించినది. నూనెలో ముంచి వేయించింది ఫ్రిటీర్ట్. పెనం మీద కొద్ది నూనెతో చేసింది గెబ్రాటెన్. ఓవెన్‌లో కాల్చింది గెబాకెన్. మాటల్లో ఇంత స్పష్టంగా ఉన్నా సరుకు దగ్గరికి వచ్చేసరికి అంత కచ్చితంగా ఉండదు. గెరోస్టెట్ అని రాసిన పల్లీల్లో వెనక తిప్పి చూస్తే పల్లీల తర్వాత పొద్దుతిరుగుడు నూనె కనిపించడం మామూలే. నూనె వద్దనుకుంటే ‘ఓనె ఫెట్ గెరోస్టెట్’, కొవ్వు లేకుండా వేయించినవి, అని ఉన్నవి తీసుకోండి. బిర్యానీ మీద చల్లుకోవడానికి మనవాళ్ళు డబ్బాలు డబ్బాలు కొనే ‘రోస్ట్‌త్స్వీబెల్న్’ కూడా పేరుకే రోస్ట్. ఆ ఉల్లిపాయలు నూనెలో వేగినవే, చాలావాటిలో గోధుమ పిండి కూడా కలుస్తుంది.

మీకు నా సలహా, ఈ వారం సరుకులకు వెళ్ళినప్పుడు కేకుల సామాన్లు పెట్టే వరసలో బాదం పప్పుల ముందు పది నిమిషాలు నిలబడండి. కొనకపోయినా పర్వాలేదు, నేను అక్కడ నేర్చుకున్నంత వ్యాకరణం పుస్తకంలో నేర్చుకోలేదు. ఒకే బాదం, ఆరేడు రకాల ప్యాకెట్లు. తొక్కతో ఉన్నవి ఒకటి. పక్కన బ్లాంషీర్ట్, వేడినీళ్ళలో ముంచి తొక్క ఊడదీసినవి. గెహాక్ట్, ముక్కలుగా తరిగినవి. గెమాలెన్, పొడి కొట్టినవి. గెష్టిఫ్టెల్ట్, సన్నటి పుల్లల్లా కోసినవి. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది గెహోబెల్ట్. హోబెల్ అంటే వడ్రంగి చిత్రిక. చిత్రిక పడితే చెక్క మీంచి పల్చటి పొరలు లేస్తాయి చూడండి, ఆ బాదం పలుకులు అచ్చం అలాగే ఉంటాయి. ‘చిత్రిక పట్టిన బాదం’ అని ఒకసారి మనసులో అనుకుంటే ఇక ఆ మాట మరిచిపోమన్నా మరిచిపోరు. ప్యాకెట్‌కి పారదర్శకమైన కిటికీ ఉంటుంది కాబట్టి మాట పక్కనే దాని అర్థం కనిపిస్తుంది, ఫోన్ తీయక్కర్లేదు.

పప్పుల దగ్గరా ఇదే. గెషేల్ట్ అంటే పొట్టు తీసిన, ఉన్‌గెషేల్ట్ అంటే పొట్టు తీయని. హాల్బీర్ట్ అంటే రెండు బద్దలు చేసిన. పెసల ప్యాకెట్ మీద గెషేల్ట్, హాల్బీర్ట్ రెండూ ఉంటే అది మన పెసరపప్పే. అవిసె గింజల మీద గెష్రోటెట్ అని ఉంటే నూకగా విరిచినవి, మెత్తటి పొడి కాదు.

ఇప్పుడు మీ గెమాలెన్ గొడవకి వస్తాను. మాలెన్ అంటే మరపట్టడం, పొడి చేయడం. మాలెన్ అనే ఇంకో క్రియ ఉంది, దానికి అర్థం బొమ్మలు వేయడం. రాతలో ఒక అక్షరం తేడా, పలకడంలో ఏ తేడా లేదు. ‘ఇన’ రూపానికి వచ్చేసరికే విడిపోతాయి. పొడి కొట్టినది గెమాలెన్, బొమ్మగా గీసినది గెమాల్ట్. మిరియాలు గెమాల్ట్ అంటే కాగితం మీద గీసిన మిరియాలన్నమాట. క్లాసులో ఎవరో ఒకరు ఈ తప్పు చేస్తారు, అందరూ నవ్వుతారు, ఆ తర్వాత ఎవరూ మరిచిపోరు.

చివర తోకలు ఎందుకు మారుతున్నాయంటారా? మన విశేషణం మొండిది. పొడి కొట్టిన మిరియాలు, పొడి కొట్టిన జాజికాయ, పొడి కొట్టిన బాదం. పక్కన ఏ నామవాచకం వచ్చినా ‘కొట్టిన’ కదలదు. జర్మన్ విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి, ఒకటా రెండా అన్నదాన్ని బట్టి తోక మార్చుకుంటుంది. నామవాచకం ముందు నిలబడి దాని లింగం చెప్పే డెర్, డీ, డాస్ ఏ1లో నేర్చుకున్నారు కదా. ప్యాకెట్ మీద చోటు తక్కువ, డెర్, డీ, డాస్ రాయరు. అవి చెప్పాల్సిన సంగతి విశేషణం తోక చెప్పాలి. అందుకని ‘డెర్’ చివరి శబ్దం వచ్చి విశేషణానికి అంటుకుంటుంది. డెర్ ఫెఫర్, మిరియాలు. అది గెమాలెనెర్ ఫెఫర్ అవుతుంది. డీ మూస్కాట్‌నుస్, జాజికాయ. అది గెమాలెనె మూస్కాట్‌నుస్. డాస్ బాజీలికుమ్, వాళ్ళ తులసి. ఎండబెట్టినదైతే గెట్రోక్నెటెస్ బాజీలికుమ్. బహువచనంలో బాదం గెమాలెనె మాండెల్న్. ‘మిట్’, అంటే ‘తో’, ముందొస్తే తోక ఇంకోలా మారుతుంది. మిట్ గెమాలెనెన్ మాండెల్న్, పొడి కొట్టిన బాదంతో.

మరి తోక లేని గెమాలెన్ ఎక్కడిది? నామవాచకం ముందు రాసి, కామా పెట్టి, విశేషణం తర్వాత రాసినప్పుడు. ‘మాండెల్న్, గెమాలెన్’. బాదం, పొడి కొట్టినది. ముందుంటే తోక, వెనకుంటే తోక లేదు. ప్యాకెట్ చదవడానికి ఇంతే చాలు. నిజానికి కొనేటప్పుడు తోక వైపు చూడనే వద్దు. ‘ఎ’, ‘ఎర్’, ‘ఎస్’, ‘ఎన్’లను వేలితో మూసేసి మిగతాది చదవండి. తోకలు పరీక్షకి కావాలి, పప్పుచారుకి అక్కర్లేదు. మీ టీచర్‌తో నేనన్నానని అనకండి.

‘గె’ కోసం వెతికితే కనపడని మాటలు కొన్నున్నాయి. మొదటి రకం, వేరే ఉపసర్గ ముందే వచ్చి కూర్చున్నవి. వాటిలో ‘ఎంట్’ మీకు బాగా పనికొస్తుంది, ‘తీసేసిన’ అని దానర్థం. రామ్ అంటే మీగడ, ఎంట్‌రామ్ట్ మీగడ తీసేసిన పాలు. ఓల్ అంటే నూనె, కోకో పొడి మీద ‘ష్టార్క్ ఎంట్‌ఓల్ట్’ అని ఉంటే కొవ్వు బాగా పిండేసినది. అలా రాయాలంటే అందులో కోకో వెన్న 20 శాతం కన్నా తక్కువ ఉండాలని నియమం. ష్టైన్ అంటే రాయి, గింజ కూడా. ఖర్జూరాల మీద ఎంట్‌ష్టైన్ట్ ఉంటే గింజ తీసేసినవి. ఒక్క ‘ఎంట్’ పట్టుకుంటే ఇరవై మాటలు వాటంతటవే విడిపోతాయి. రెండో రకం ‘ఈర్ట్’తో ముగిసేవి. పాస్టోరిజీర్ట్, హోమోగెనిజీర్ట్, మారినీర్ట్, కొంట్సెంట్రీర్ట్. ఇవి మీకు ముందే తెలిసిన మాటలు, జర్మన్ చొక్కా తొడుక్కున్నాయంతే. పాల సీసా మీద ‘నిష్ట్ హోమోగెనిజీర్ట్’ అని ఉంటే వదలకండి. కొవ్వుని చిన్నచిన్న రేణువులుగా చితక్కొట్టని పాలు అవి, ఒక రాత్రి కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచితే సీసా మెడ దగ్గర మీగడ తేలుతుంది. మూడో రకంలో ‘గె’ మధ్యలో నక్కి ఉంటుంది. ఐన్‌గెలేక్ట్ అంటే ఊరబెట్టిన, మన ఊరగాయలోని ‘ఊరు’ అన్నమాట.

నెయ్యి కాచుకుంటారనే అనుకుంటున్నాను. ఇక్కడ వెన్నలో తీపి మీగడది, పుల్లటి మీగడది, మిల్డ్‌గెజోయెర్ట్ అని మూడు రకాలు. గెజోయెర్ట్ అంటే పులిపించిన. మజ్జిగ చిలికి తీసిన వెన్న వాసన అలవాటైన ముక్కుకి తీపి మీగడ వెన్నతో కాచిన నెయ్యి ఎందుకో చప్పగా ఉంటుంది. నేనైతే పుల్లటి మీగడదో, మిల్డ్‌గెజోయెర్ట్‌దో తీసుకుంటాను. గెజాల్ట్సెన్ మాత్రం వద్దు, ఉప్పంతా గిన్నె అడుగున మడ్డిలో చేరుతుంది. ఆ మడ్డిలో చక్కెర కలిపి పెడితే తినే పిల్లలు ఇంట్లో ఉంటే గొడవే.

ఇంతవరకూ రుచి సంగతి. కొన్ని విశేషణాలు మాత్రం చట్టం పట్టుబట్టి రాయిస్తుంది, వాటిని దాటెయ్యకూడదు. యూరప్ ఆహార సమాచార నియమాలు 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం నూనెని గట్టిపరిస్తే ఆ మాట చెప్పాలి. గెహెర్టెట్ అంటే గట్టిపరిచిన, అంటే మన వనస్పతి బాపతు. ‘గాంట్స్ గెహెర్టెట్’ పూర్తిగా గట్టిపరిచినది, ‘టైల్‌వైజె గెహెర్టెట్’ కొంతవరకు గట్టిపరిచినది. వినడానికి రెండోదే నయమనిపిస్తుంది, నిజం తిరగేసి ఉంటుంది. గుండెకి చెడు చేసే ట్రాన్స్ కొవ్వులు పుట్టేది సగంలో ఆపినప్పుడే. 2021 ఏప్రిల్ నుంచి యూరప్‌లో 100 గ్రాముల కొవ్వుకి 2 గ్రాములకు మించి అలాంటి ట్రాన్స్ కొవ్వు ఉన్న సరుకు అమ్మకూడదు కాబట్టి మరీ భయపడక్కర్లేదు, చదవడం మాత్రం మానకండి.

చేపల కౌంటర్ దగ్గర మంచు మీద నిగనిగలాడే చేప పక్క చీటీలో ‘ఔఫ్‌గెటౌట్’ అని చిన్నగా ఉంటే, అది గడ్డకట్టించి మళ్ళీ కరిగించిన చేప. తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టకుండా ఆ పూటే పులుసు పెట్టేయాలి. మాంసం తినేవాళ్ళు ‘ఔస్ ఫ్లైష్‌ష్ట్యూకెన్ త్సుజామెన్‌గెఫ్యూక్ట్’ అన్నది చూడాలి. ఒక్క ముక్కలా కనిపించినా చిన్న ముక్కలు అతికించినది అని అర్థం.

ఎండు ఆప్రికాట్లు నారింజ రంగులో మెరుస్తుంటే చాలావరకు గెష్వేఫెల్ట్, గంధకం పట్టించినవి. ఉన్‌గెష్వేఫెల్ట్ అయితే గోధుమ రంగులో, చూడ్డానికి పాతవాటిలా ఉంటాయి. ఆస్తమా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ గంధకం పడదు, అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే రంగు చూసి మోసపోకండి. నిమ్మకాయలు పులిహోరకైతే ఏవైనా ఒకటే, పచ్చడి పెట్టాలంటే తొక్క కూడా తింటాం కదా. వల సంచికి కట్టిన చీటీ మీద ‘కొన్జెర్వీర్ట్ మిట్’ అని మొదలై మందు పేరు కనిపించినా, గెవాక్స్ట్, అంటే మైనం పూసిన, అని కనిపించినా పక్కన పెట్టండి. ఉన్‌బెహాండెల్ట్, ఏ మందూ తగిలించనిది, అన్నవి కొనండి.

ఫోన్ అనువాదాలు మనవాళ్ళని ఎక్కువ హడలగొట్టేది ‘మోడిఫిత్సీర్టె ష్టెర్కె’ దగ్గర. ష్టెర్కె అంటే పిండిపదార్థం. మార్పు చేసినది అనగానే జన్యుమార్పిడి పంట అనుకుని డబ్బా వదిలేసినవాళ్ళని నాకు తెలుసు. గ్రేవీ విడిపోకుండా చిక్కగా ఉండేందుకు ఆ పిండిని రసాయనాలతో మార్చారని మాత్రమే దానర్థం. జన్యువులు మార్చినదైతే ‘గెనేటిష్ ఫెరెండెర్ట్’ అని వేరే మాట రాసి తీరాలి. తెలుగులో రెండూ ‘మార్చిన’ అయిపోతాయి, జర్మన్‌లో దేని దారి దానిది.

వండే పద్ధతి రాసిన చోట ఇంకో రూపం కనిపిస్తుంది. కోఖెన్ అంటే మరగడం. కోఖెండెస్ వాసర్ మరుగుతున్న నీళ్ళు, ఆప్‌గెకోఖ్టెస్ వాసర్ కాచిన నీళ్ళు. చివర ‘ఎండ్’ ఉంటే మన ‘తున్న’, పని ఇంకా జరుగుతోంది. ‘గె’ ఉంటే మన ‘ఇన’, పని అయిపోయింది. సూప్ పొడి మీద మొదటిది ఉంటుంది, సలసలా మరిగే నీళ్ళు పోయమని. పసిపిల్లల పాలపొడికి పనికొచ్చేది రెండోది.

చివరగా, మీ క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు తలపట్టుకునే వాక్యం ఒకటి చెబుతాను. ‘ఇన్ జొన్నెన్‌బ్లూమెన్‌ఓల్ ఫ్రిటీర్టె కార్టోఫెల్న్’. పొద్దుతిరుగుడు నూనెలో వేయించిన ఆలుగడ్డలు. ముందు నూనె, తర్వాత వేయించడం, ఆఖరున ఆలుగడ్డలు. మాట వెనక మాట, మన వరసే. ‘ఉంటర్ షుట్స్‌ఆట్మోస్ఫేరె ఫెర్‌పాక్ట్’ కూడా అంతే, ప్రత్యేక వాయువు నింపి ప్యాక్ చేసిన. ఇంగ్లీషువాళ్ళు దీన్ని వెనక్కి తిప్పి చదవాలి, మీరు ఎలా ఉన్నది అలా చదువుకుపోవచ్చు.

ఆ పొగ కారం పారేయకండి. సీసా మీద ‘గెరోయ్‌షెర్టెస్ పాప్రికాపుల్వర్’ అని ఉండి ఉంటుంది, పొగబెట్టిన పాప్రికా పొడి. అందులో పొగే తప్ప కారం పెద్దగా ఉండదు, పప్పులోకి పనికిరాదు. కరెంటు పొయ్యి మీద వంకాయ కాల్చుకునే యోగం మీకు లేదు కదా. పెద్ద వంకాయ ఒకటి ఓవెన్‌లో తోలు నల్లబడి, లోపల మెత్తబడేదాకా ఉంచండి. తొక్క తీసి, పచ్చిమిర్చీ చింతపండూ వేసి పచ్చడి నూరేటప్పుడు ఆ పొడి పావు చెంచా కలపండి. ఉప్పు తక్కువ వేసినా అత్తగారికి తెలియదు. నిప్పుల మీద ఎక్కడ కాల్చావమ్మా అని అడుగుతారు.